గోడ దూకిన బూట్లు

తెలుగునాట పార్టీ మారడమంటే ముందు కళ్లముందు ఆడేది కండువా. పార్టీ ఆఫీసులో అధినేత నిలబడతారు, వచ్చినవాడు కాస్త తల వంచుతాడు, మెడలో కొత్త రంగు పడుతుంది, కెమెరాలు మెరుస్తాయి, అంతే. నిన్న సాయంత్రం దాకా అదే అధినేతను తిట్టిన నోటితోనే నియోజకవర్గ అభివృద్ధి గురించి ప్రసంగం మొదలవుతుంది. పాత మాటలు ఎవరూ అడగరు. ఏ విలేఖరో చాదస్తం కొద్దీ అడిగినా, రాజకీయాల్లో శాశ్వత శత్రువులుండరు కదండీ అనే జవాబు జేబులో సిద్ధంగా ఉంటుంది.

అమెరికాలోని వర్జీనియాలో ఈ తతంగం జరుపుదామన్నా జరగదు. ఆ రాష్ట్రంలో ఓటరుగా నమోదయ్యే కాగితంలో పార్టీ అనే గడే ఉండదు. నీది ఏ పార్టీ అని అడిగేవాడు లేడు, చెప్పినా రాసుకునేవాడు లేడు. టికెట్లు పంచే అధిష్ఠానం లేదు, నామినేషన్ల ఆఖరి రోజున చేతులు మారే బి-ఫారం లేదు. అభ్యర్థి ఎవరో చాలాసార్లు ప్రైమరీ అనే తొలి పోటీలో మామూలు ఓటర్లే తేలుస్తారు. అందుకే 2006లో జిమ్ వెబ్ రిపబ్లికన్ పార్టీని వదిలి డెమొక్రటిక్ పార్టీ తరఫున సెనేట్‌కు పోటీకి దిగినప్పుడు ఫొటో తీసుకోవడానికి ఘట్టమంటూ ఏదీ లేకపోయింది. కండువాకు బదులు జనం కంట పడింది ఒక జత బూట్లు.

అవి సైనికులు యుద్ధంలో తొడుక్కునే బూట్లు, పాతవి, ఆయన కొడుకువి. కొడుకు మెరైన్ దళంలో ఉన్నాడు, ఆ ఏడాదే ఇరాక్ వెళ్లాడు. తండ్రి ఆ బూట్లు వేసుకునే ఊరూరా తిరిగారు. తిరిగిన వాహనం మచ్చల రంగు పూసిన జీపు. దాన్ని నడిపింది వియత్నాం యుద్ధంలో ఆయన దగ్గర రేడియో ఆపరేటర్‌గా పనిచేసి ఒక చేయి పోగొట్టుకున్న పాత సహచరుడు. ఇదంతా ఎన్నికల వేషమేనని ఎవరైనా అనవచ్చు. వేషం లేని ఎన్నిక ఎక్కడుంది? కాకపోతే ఒక తేడా ఉంది. బూట్లు చూపించారు గానీ కొడుకు గురించి మాట్లాడమంటే ఆయన మాట్లాడలేదు. సభల్లో ఆ ప్రస్తావన తెస్తే తప్పించుకున్నారు.

ఎదుటివాడివీ బూట్లే, కాకపోతే కౌబాయ్ బూట్లు. జార్జ్ అలెన్ అప్పటికి వర్జీనియా సెనేటరు, అంతకుముందు 1994 నుంచి 1998 దాకా ఆ రాష్ట్ర గవర్నరు. తండ్రి వాషింగ్టన్ ఫుట్‌బాల్ జట్టుకు పేరుమోసిన కోచ్. కొడుకు మాటల్లోనూ ఎప్పుడూ ఆటే దొర్లుతుండేది. పొగాకు నమలడం, భుజం తట్టి పలకరించడం, దక్షిణాది పల్లెటూరి పెద్దమనిషిలా నవ్వడం ఆయన పెట్టుబడి. పుట్టింది మాత్రం కాలిఫోర్నియాలో. 2000లో ఆయన ఓడించింది చక్ రాబ్‌ని, అంటే అధ్యక్షుడు లిండన్ జాన్సన్ అల్లుణ్ని. 2004లో దేశమంతటా రిపబ్లికన్ సెనేట్ అభ్యర్థులను గెలిపించే కమిటీకి అధ్యక్షుడు కూడా ఆయనే. ఆ ఏడాది సెనేట్‌లో ఆ పార్టీ బలం 55కి చేరింది. 2008లో అధ్యక్ష పదవికి పోటీ చేస్తారని వినిపించే నాలుగైదు పేర్లలో ఆయనదొకటి. 2006లో మళ్లీ సెనేట్‌కు గెలవడమనేది ఆ దారిలో ఒక మజిలీ మాత్రమేనని అందరూ అనుకున్నారు, ఆయన కూడా అనుకున్నట్టే కనిపించారు.

ఆ 2000 ఎన్నికల్లో అలెన్‌కు బహిరంగంగా మద్దతు పలికినవారిలో ఒకరు జిమ్ వెబ్.

కథ ఇక్కడే రుచికెక్కుతుంది. పార్టీ మారినవాడు ఒంటిగా రాడు. తన పాత మాటల మూట నెత్తిన పెట్టుకుని వస్తాడు. తెలుగు నాయకులు ఆ మూటను గుమ్మం బయటే దించేసి లోపలికి వెళ్తారు. వెబ్‌కు ఆ సౌకర్యం లేదు, ఎందుకంటే ఆయన మాటలన్నీ అచ్చులో ఉన్నాయి. ఆయన రచయిత. 1978లో వచ్చిన ‘ఫీల్డ్స్ ఆఫ్ ఫైర్’ వియత్నాం యుద్ధం మీద వచ్చిన నవలల్లో గట్టిదని పేరు తెచ్చుకుంది. ఆ తర్వాతా నవలలు రాశారు, సినిమాకు కథ ఇచ్చారు, పత్రికలకు లెక్కలేనన్ని వ్యాసాలు రాశారు. రాజకీయాల్లోకి రావాలనుకునేవాడు చేయకూడని పని ఏదైనా ఉంటే అది ముప్పై ఏళ్లపాటు మనసులో ఉన్నదంతా రాసి అచ్చేయించడమే.

ఆయన జీవితం కూడా నవలలాగే ఉంటుంది. 1968లో అనాపొలిస్ నౌకాదళ అకాడమీ నుంచి పట్టా పుచ్చుకుని మెరైన్ అధికారిగా వియత్నాం వెళ్లారు. గాయపడ్డారు, నేవీ క్రాస్ అనే పెద్ద శౌర్య పతకం తెచ్చుకున్నారు. తర్వాత న్యాయశాస్త్రం చదివారు. అధ్యక్షుడు రీగన్ హయాంలో రక్షణ శాఖలోకి వెళ్లి 1987లో నౌకాదళ కార్యదర్శి అయ్యారు. ఏడాది తిరగకముందే, 1988 ఫిబ్రవరిలో, ఆ పదవి వదిలేశారు. బడ్జెట్ కోతలో భాగంగా 16 ఫ్రిగేట్ నౌకలను విరమింపజేయాలని పైవాళ్లు అన్నారు, ఆయన ఒప్పుకోలేదు. కుర్చీ మీద ఉండి సణుక్కోవడం కంటే లేచిపోవడమే ఆయన స్వభావం అనడానికి ఇది మొదటి ఆనవాలు. ఈ స్వభావం ఆయన కథ పొడుగునా మళ్లీ మళ్లీ కనిపిస్తుంది, ఒక్కోసారి గొప్పగా, ఒక్కోసారి విసుగు పుట్టించేలా.

రిపబ్లికన్లతో తెగతెంపులకు కారణం ఇరాక్. 2002 సెప్టెంబరులో, అంటే దాడికి ఆరు నెలల ముందే, ఆయన వాషింగ్టన్ పోస్ట్‌లో ఒక వ్యాసం రాశారు. ఇరాక్‌ను పట్టుకోవడం తేలిక, పట్టుకున్నాక అక్కడే ముప్పై ఏళ్లు కూర్చోవలసి వస్తే సంగతేమిటన్నది దాని సారాంశం. ఆ రోజుల్లో ఈ మాట అనడానికి సెనేట్‌లో ఉన్న డెమొక్రాట్లలో చాలామందికే నోరు రాలేదు. యుద్ధానికి అనుమతినిస్తూ ఓటేసినవారిలో జాన్ కెర్రీ, హిల్లరీ క్లింటన్ ఉన్నారు. గమనించవలసింది ఏమిటంటే, ఆ వ్యాసం రాసేనాటికి వెబ్ ఏ పదవికీ పోటీలో లేరు, ఏ పార్టీ ఆయన్ను పిలవలేదు. అభిప్రాయం ముందు మారింది, పార్టీ నాలుగేళ్ల తర్వాత మారింది. సాధారణంగా ఈ వరస తిరగబడుతుంది. టికెట్ దొరకదని తేలాక సిద్ధాంతం గుర్తుకొస్తుంది.

కెర్రీతో ఆయనకున్న పేచీ మరీ విచిత్రం. వియత్నాం నుంచి తిరిగొచ్చి యుద్ధానికి వ్యతిరేకంగా ఉద్యమించాడన్న కోపంతో కెర్రీ చేయి ఇరవై ఏళ్లపాటు ముట్టుకోలేదని వెబ్ స్వయంగా చెప్పుకున్నారు. ఇప్పుడు అదే కెర్రీ పార్టీలో చేరారు. కెర్రీ ఆయన అభ్యర్థిత్వాన్ని సమర్థించారు కూడా. ఇద్దరిలో ఎవరు ఎక్కువ దిగమింగుకోవలసి వచ్చిందో చెప్పడం కష్టం.

ఆ పాత మాటల మూటలో అన్నిటికంటే బరువైనది 1979 నాటి వ్యాసం. ‘వాషింగ్టనియన్’ పత్రికలో ఆడవాళ్లు యుద్ధానికి పనికిరారని, నౌకాదళ అకాడమీలో వాళ్లను చేర్చుకోవడం తప్పని ఆయన రాశారు. అకాడమీలో ఆడపిల్లలు అడుగుపెట్టి అప్పటికి మూడేళ్లే. ఆ వ్యాసం చేతపట్టుకుని తోటి మగ క్యాడెట్లు తమను వేధించారని అక్కడ చదివిన స్త్రీలు తర్వాత చెప్పారు. 2006లో అలెన్ పక్షం ఆ మహిళలను పత్రికలవారి ముందు కూర్చోబెట్టింది. వెబ్ తన మాటల వల్ల వాళ్లు పడ్డ బాధకు విచారం వెలిబుచ్చారు, నౌకాదళ కార్యదర్శిగా తానే స్త్రీలకు కొత్త కొలువులు తెరిచానని గుర్తుచేశారు. ఆ జవాబు అందరికీ సరిపోలేదు, సరిపోవలసిన పనీ లేదు. కానీ జవాబు చెప్పవలసి వచ్చింది కదా! ఇరవై ఏడేళ్ల కిందటి వ్యాసానికి లెక్క చెప్పించుకున్న ఎన్నిక అది.

ఇవన్నీ అలెన్‌తో తలపడ్డాక. దానికంటే ముందు ఇంటి పోరు ఒకటుంది, ఆ పోరు తెలుగువాళ్లకు బాగా దగ్గరి సంగతి. డెమొక్రటిక్ ప్రైమరీలో వెబ్‌కు ఎదురు నిలిచింది హ్యారిస్ మిల్లర్. ఏళ్ల తరబడి పార్టీకి సేవ చేసినవాడు, నిన్నగాక మొన్న వచ్చినవాడికి దారి ఎందుకివ్వాలని అడిగే హక్కున్నవాడు. అమెరికా ఐటీ కంపెనీల సంఘానికి చాలాకాలం అధ్యక్షుడు. వై2కె గండం పేరు చెప్పి, ప్రోగ్రామర్లు చాలడం లేదని చెప్పి, హెచ్-1బి వీసాల సంఖ్య పెంచాలని వాషింగ్టన్‌లో గట్టిగా పట్టుబట్టినవారిలో ఆయన ముందుంటారు. 65 వేలుగా ఉన్న ఏటి పరిమితి 1998 చట్టంతో 1,15,000కు, 2000 చట్టంతో కొన్నేళ్లపాటు 1,95,000కు పెరిగింది. అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ కోర్సులు చేసి విమానమెక్కినవారిలో ఎవరికీ ఈ మిల్లర్ పేరు తెలిసి ఉండదు. వాళ్లు దాటిన ద్వారం వెడల్పు కావడంలో మాత్రం ఆయన చేయి కొంత ఉంది.

వెబ్ పక్షం సరిగ్గా అక్కడే కొట్టింది. మిల్లర్‌ను ఉద్యోగాల హంతకుడని ముద్ర వేస్తూ బొమ్మల కరపత్రం పంచింది. అందులో మిల్లర్ ముక్కు కొంకిగా, జేబుల్లోంచి డబ్బు పొంగుతున్నట్టు గీశారు. మిల్లర్ యూదుడు. యూదులను ఎగతాళి చేసే పాత బొమ్మల పద్ధతి ఇదేనని గొడవ లేచింది, వెబ్ ఆ ఉద్దేశం లేదన్నారు. ఉద్దేశం ఉన్నా లేకపోయినా ఆ కరపత్రం ఆయన ప్రచారానికి అంటిన మసి. జూన్ 13న ప్రైమరీ జరిగితే నమోదైన ఓటర్లలో నూటికి నలుగురు కూడా రాలేదు. వచ్చినవారిలో 53 శాతం పైన వెబ్ వైపు మొగ్గారు. డెమొక్రటిక్ సెనేటరు షూమర్ వంటి జాతీయ నాయకులు ముందే వెబ్ వైపు నిలబడ్డారు. పార్టీకి కట్టుబడి పనిచేసిన పాతకాపు ఓడాడు, ఎదుటి గూటి నుంచి వచ్చినవాడు గెలిచాడు. టికెట్ రాని పాత కార్యకర్తలు తెలుగు జిల్లాల్లో పార్టీ ఆఫీసుల ముందు ఫ్లెక్సీలు చించే దృశ్యం ఇక్కడ గుర్తుకు రావడం సహజమే. మిల్లర్ మాత్రం ఓడాక వెబ్‌కే మద్దతు ప్రకటించారు.

అభ్యర్థి అయ్యాక వెబ్ వేసిన తొలి టీవీ ప్రకటన చూసి డెమొక్రాట్లే ముక్కున వేలేసుకుని ఉంటారు. అందులో కనిపించింది రొనాల్డ్ రీగన్. 1985లో నౌకాదళ అకాడమీ స్నాతకోత్సవంలో ఆయన వెబ్‌ను మెచ్చుకుంటూ అన్న మాటలను అలాగే వాడుకున్నారు. ఆ ప్రకటన ఆపమని నాన్సీ రీగన్ పక్షాన కబురొచ్చింది, వెబ్ ఆపలేదు. వదిలొచ్చిన పార్టీ దేవుడి పటాన్ని కొత్త ఇంట్లో వేలాడదీయడానికి చాలా తెగువ కావాలి. లేదా, నేను మారలేదు, ఆ పార్టీయే మారిపోయింది అని నిజంగా నమ్మి ఉండాలి. పార్టీ మారిన ప్రతివాడూ ఈ రెండో మాటే అంటాడు. ఇందులో పాక్షికంగానైనా నిజమున్న కొద్దిమందిలో వెబ్ ఒకరు.

అయినా వేసవి నడిమికి వచ్చేసరికి అలెన్‌దే పైచేయి. చేతిలో డబ్బు కూడా ఆయన దగ్గరే చాలా ఎక్కువ. ఆగస్టు 11 దాకా అంతే.

ఆ రోజు అలెన్ రాష్ట్రానికి నైరుతి కొసన, కెంటకీ సరిహద్దులో ఉన్న బ్రేక్స్ పార్కుకు వెళ్లారు. లోయలు, అడవులు, ఎండాకాలపు వనభోజనం, ముందు కూర్చున్న వంద మంది సొంత మనుషులు. వాళ్లలో ఒక్కడు పరాయివాడు. పసుపు చొక్కా వేసుకున్న ఇరవై ఏళ్ల కుర్రాడు, చేతిలో చిన్న కామ్‌కార్డర్. వెబ్ ప్రచార బృందం పంపిన వాలంటీరు. ప్రత్యర్థి వెంట తిరుగుతూ ప్రతి మాటా రికార్డు చేయడం అతని పని. అమెరికా ఎన్నికల్లో ఇది మామూలే. కొన్నాళ్లుగా వెంటే వస్తున్నాడు కనుక అలెన్‌కు ముఖం తెలుసు. ప్రసంగం మధ్యలో అలెన్ అతని వైపు వేలు చూపించారు. ఈ పసుపు చొక్కా కుర్రాడు, పేరేదైనా గానీ మకాకా, నా ప్రత్యర్థి మనిషి అన్నారు. మకాకాకు స్వాగతం చెప్పండి, అమెరికాకు స్వాగతం, అసలైన వర్జీనియాకు స్వాగతం అన్నారు. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఇదంతా మాట్లాడింది నేరుగా ఆ కెమెరా కళ్లలోకి చూస్తూనే.

ఆ కుర్రాడి తల్లిదండ్రులది భారతదేశం. అతను పుట్టి పెరిగింది వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో, చదువుతున్నది అలెన్ చదివిన వర్జీనియా విశ్వవిద్యాలయంలోనే. కాలిఫోర్నియాలో పుట్టి వచ్చిన పెద్దమనిషి వర్జీనియాలో పుట్టిన పిల్లవాడికి వర్జీనియాకు స్వాగతం పలికాడన్నమాట. మకాకా అనేది ఒక జాతి కోతి పేరుకు దగ్గరి మాట, ఫ్రెంచివాళ్ల ఆఫ్రికా వలసల్లో నల్లవాళ్లను తిట్టడానికి వాడేవారు. అలెన్ తల్లి ఫ్రెంచి పాలనలోని ట్యునీసియాలో పెరిగారు. ఆ మాట తనకు తోచి కల్పించిందే తప్ప అర్థం తెలియదని అలెన్ అన్నారు. కుర్రాడి జుట్టు కత్తిరింపు గురించి అన్న మాటేనని ఆయన మనుషులు ఒకసారి చెప్పారు. క్షమాపణ వచ్చేసరికి ఆలస్యమైంది. అప్పటికి ఏడాదిన్నర వయసున్న యూట్యూబ్‌లో ఆ ముక్క దేశమంతా చూసింది.

ఇక అక్కడినుంచి అలెన్ ఏం చేసినా అడ్డం తిరిగింది. సెప్టెంబరు 18న టైసన్స్ కార్నర్‌లో జరిగిన చర్చలో ఒక విలేఖరి, మీ తల్లి వైపు వాళ్లు యూదులా అని అడిగారు. అలెన్ మండిపడ్డారు, అపవాదు వేస్తున్నారన్నారు. ఒకటి రెండు రోజుల్లోనే అవును, నిజమేనని ఒప్పుకోవలసి వచ్చింది. అంతటితో ఊరుకోక, అయినా మధ్యాహ్నం హామ్ శాండ్‌విచ్ తిన్నాను, అమ్మ పోర్క్ చాప్స్ బాగా చేసేది అని హాస్యమాడబోయారు. ఇలాంటి హాస్యానికి నవ్వేవాడు ఎంత సన్నిహితుడో ఊహించవచ్చు.

అక్టోబరు చివర్లో అలెన్ పక్షం ఆఖరి అస్త్రం తీసింది. వెబ్ నవలల్లోని శృంగార సన్నివేశాలను ఏరి పత్రికలకు పంచింది. నవలలో పాత్ర చేసిన పనికి రచయిత ఓటర్లకు సంజాయిషీ చెప్పాలన్నది వాదం. ఈ లెక్కన తెలుగు నవలాకారుల్లో వార్డు మెంబరుగా గెలవగలిగినవాళ్లు కూడా మిగలరు. తాను చూసిన ప్రపంచాన్నే రాశానని వెబ్ అన్నారు. బూమరాంగ్ కాకపోయినా ఆ బాణం గురికి తగల్లేదు.

నవంబరు 7న పోలింగ్. 23 లక్షల 70 వేల చిల్లర ఓట్లు పడ్డాయి. వెబ్ ఆధిక్యం 9,329. ఆ ఇద్దరూ కాక మూడో అభ్యర్థిగా నిలబడిన చిన్న పార్టీ మనిషికి వచ్చిన ఓట్లు 26 వేల పైచిలుకు. అంత సన్నని తేడాకు తిరిగి లెక్కించమని అడిగే హక్కు వర్జీనియా చట్టం ఇస్తుంది. అలెన్ అడగలేదు. నవంబరు 9న ఓటమి ఒప్పుకున్నారు, హుందాగానే ఒప్పుకున్నారు. ఆ సీటుతో సెనేట్ 51-49గా డెమొక్రాట్ల చేతికి వచ్చింది. ఆ 51లో స్వతంత్రులు ఇద్దరు. అందులో ఒకరైన జో లీబర్‌మన్ కథ వేరే రకం గోడ దూకుడు. ఆగస్టులో కనెటికట్‌లో సొంత పార్టీ ప్రైమరీలో ఓడి, నవంబరులో స్వతంత్రుడిగా నిలబడి గెలిచారు.

అంటే వెబ్‌ను గెలిపించింది పార్టీ మార్పా? కాదు. ఒక పసుపు చొక్కా, ఒక నోటి దురద లేకపోతే ఆయన గౌరవంగా ఓడి మళ్లీ నవలలు రాసుకునేవారేమో. కానీ అలెన్ జారిపడ్డప్పుడు అందుకోవడానికి మీటరు దూరంలో ఎవరో ఒకరు నిలబడి ఉండాలి కదా. మామూలు డెమొక్రాట్ అయితే నైరుతి కొండల్లోని రిపబ్లికన్ ఓటరు అలెన్ మీద ఎంత విసుగు పుట్టినా అటు చూసేవాడు కాదు. రీగన్ మెచ్చిన మెరైన్, స్కాట్స్-ఐరిష్ కొండజాతి గురించి పుస్తకం రాసినవాడు అయ్యేసరికి కొందరికి చేయి వణకలేదు. ఇటు వాషింగ్టన్ పక్కనున్న ఉత్తర వర్జీనియాలో, వలస వచ్చి స్థిరపడిన కుటుంబాల పేటల్లో, వెబ్‌కు భారీగా ఓట్లు పడ్డాయి. హెచ్-1బి వీసాలు పెంచమన్న మనిషిని కార్టూన్ వేసి ఓడించినవాడు, భారతీయ కుర్రాడికి జరిగిన అవమానం ఆసరాగా సెనేట్‌కు వెళ్లాడు. హెర్న్‌డన్‌లోనో ఆష్‌బర్న్‌లోనో ఉన్న తెలుగు ఓటరు ఆ రోజు ఏ లెక్క వేసుకున్నాడో గానీ, రెండు లెక్కలూ చేతిలో ఉన్నవాడు అతనొక్కడే.

పార్టీ మార్పు కథ ఇంకో రకంగా నడిచింది పెన్సిల్వేనియాలో. ఆర్లెన్ స్పెక్టర్ 1965లో డెమొక్రాట్‌గా నమోదై ఉండగానే రిపబ్లికన్ టికెట్ మీద ఫిలడెల్ఫియా జిల్లా అటార్నీ పదవికి నిలబడి, ఆ కుర్చీలో ఉన్న తన పాత పైఅధికారినే ఓడించారు. తర్వాత రిపబ్లికన్ అయ్యారు, 1981 నుంచి వరసగా సెనేట్‌లో ఉన్నారు. 2009 ఏప్రిల్ 28న మళ్లీ డెమొక్రాట్ అయ్యారు. కారణం దాచుకోలేదు. రిపబ్లికన్ ప్రైమరీలో గెలవలేనని సర్వేలు చెబుతున్నాయి, ఇన్నేళ్ల తన పనిని ఆ ఓటర్ల తీర్పుకు వదలదలచుకోలేదు అన్నారు. నిజాయితీకి మార్కులు వేయవలసిందే. ఒబామా, బైడెన్ పక్కన నిలిచారు. అయినా 2010 మే ప్రైమరీలో మాజీ నౌకాదళ అధికారి జో సెస్టాక్ ఒకే ఒక్క ప్రకటనతో ఆయన్ను పడగొట్టారు. పార్టీ మారడం వల్ల తిరిగి ఎన్నికయ్యే వీలు కలుగుతుందని స్పెక్టర్ స్వయంగా అన్న ముక్కనే అందులో చూపించారు. వెబ్ తన పాత మాటలు మోసి గెలిచారు. స్పెక్టర్ కొత్త మాట ఒక్కదానికి ఓడారు.

టెక్సస్‌లో ఫిల్ గ్రామ్ దారి ఈ రెండింటికంటే సూటి. డెమొక్రాట్‌గా ప్రతినిధుల సభలో ఉంటూ రీగన్ బడ్జెట్‌కు పనిచేస్తే, 1983 జనవరిలో సొంత పార్టీ ఆయన్ను బడ్జెట్ కమిటీ నుంచి తీసేసింది. ఆయన సీటుకే రాజీనామా ఇచ్చి, రిపబ్లికన్‌గా ఉప ఎన్నికలో నిలబడి ఫిబ్రవరిలో తిరిగి గెలిచారు. అలా చేయమని అమెరికా చట్టమేదీ చెప్పదు. గెలిచిన పార్టీని వదిలినా సీటు పోదు. భారతదేశంలో 1985లో తెచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం సీటు పోతుందంటుంది, అయినా సభాపతి దగ్గర ఫిర్యాదులు నెలల తరబడి నానుతూ ఉంటాయి. చట్టంతో నిమిత్తం లేకుండా గ్రామ్ దారి తొక్కినవారు తెలంగాణలోనూ ఉన్నారు. 2021లో ఈటల రాజేందర్ రాజీనామా ఇచ్చి, బీజేపీ తరఫున హుజూరాబాద్‌లో నిలబడి గెలిచారు. మరుసటి ఏడాది కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి అదే పని మునుగోడులో చేసి ఓడారు. గెలుపోటముల మాట ఎలా ఉన్నా, ఓటరును మళ్లీ అడిగారన్న మాట ఇద్దరికీ దక్కుతుంది.

వెబ్‌కు రాజీనామా ఇవ్వడానికి సీటే లేదు. పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాడి నిజాయితీకి ఖరీదు కాస్త తక్కువే కట్టాలని ఎవరైనా వాదిస్తే కాదనలేం. ఆయన అసలు పరీక్ష గెలిచాక మొదలైంది. నవంబరు నెలాఖర్లో కొత్త సభ్యులకు వైట్‌హౌస్‌లో విందు. వెబ్ అధ్యక్షుడితో ఫొటో దిగే వరసలో నిలబడకుండా తప్పుకున్నారు. బుష్ వెతుక్కుంటూ వచ్చి, మీ అబ్బాయి ఎలా ఉన్నాడని అడిగారు. వాళ్లను ఇరాక్ నుంచి వెనక్కి రప్పించాలని ఉంది అన్నారు వెబ్. నేను అడిగింది అది కాదు, అబ్బాయి ఎలా ఉన్నాడని, అని బుష్ రెట్టించారు. అది నాకూ నా కొడుక్కూ మధ్య సంగతి, మిస్టర్ ప్రెసిడెంట్ అని వెబ్ ముగించారు. మర్యాద తప్పారని సగం మంది, సరిగ్గా చెప్పారని సగం మంది పత్రికల్లో కొట్టుకున్నారు. క్షేమం అడిగిన పెద్దమనిషికి తెలుగిళ్లలో ఎవరూ అలా జవాబివ్వరు. కానీ ఆ అడిగినవాడే కొడుకును అక్కడికి పంపినవాడైతే, మర్యాద ఎవరి వైపు తప్పిందో చెప్పడం అంత తేలిక కాదు.

సెనేట్‌లో అడుగుపెట్టగానే ఆయన పెట్టిన బిల్లు, 2001 సెప్టెంబరు 11 తర్వాత సైన్యంలో పనిచేసినవారికి కాలేజీ చదువు ఖర్చు ప్రభుత్వమే భరించాలని. రెండో ప్రపంచ యుద్ధం నుంచి వచ్చినవారికి దక్కినటువంటిదే వీళ్లకూ దక్కాలన్నది ఆయన పట్టు. ఖర్చు ఎక్కువని, చదువు ఆశతో సైనికులు ముందే బయటికి వెళ్లిపోతారని బుష్ ప్రభుత్వం వెనకాడింది. 2008 జూన్ 30న చివరికి బుష్ సంతకం పడింది. ఈ ఒక్క పనికే వచ్చానన్నట్టు, 2011 ఫిబ్రవరిలో మళ్లీ పోటీ చేయనని వెబ్ ప్రకటించారు. నిధులు అడుక్కోవడం, చేతులు కలపడం ఆయనకు ఎప్పుడూ కిట్టలేదు.

2015లో డెమొక్రటిక్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి దిగారు. అక్టోబరు 13 చర్చలో, మీరు గర్వపడే శత్రువు ఎవరని అభ్యర్థులను అడిగితే మిగతావాళ్లు తుపాకుల సంఘం, బీమా కంపెనీలు అంటూ చెప్పారు. వెబ్ మాత్రం తన మీద గ్రెనేడ్ విసిరిన శత్రు సైనికుడి సంగతి చెప్పి, అతనిప్పుడు మాట్లాడటానికి లేడన్నారు. సభకు ఏమనాలో తోచలేదు. వారం తిరిగేసరికి బరిలోంచి తప్పుకున్నారు. తన అభిప్రాయాలు చాలావరకు ఈ పార్టీకి సరిపడటం లేదని ఒప్పుకున్నారు. స్వతంత్రుడిగా దిగుతారేమోనని కొన్నాళ్లు ఊగిసలాడి, 2016 ఫిబ్రవరిలో అదీ వద్దనుకున్నారు. హిల్లరీ క్లింటన్‌కు ఓటేయనని ఆ తర్వాత టీవీలో చెప్పారు.

ఆయన వదిలిన సెనేట్ సీటు కోసం 2012లో అలెన్ మళ్లీ వచ్చారు, టిమ్ కెయిన్ అనే డెమొక్రాట్ చేతిలో ఓడారు. 2016లో హిల్లరీ తన పక్కన ఉపాధ్యక్ష పదవికి ఎంచుకున్నది ఆ కెయిన్‌నే. ఆ జంట దేశంలో ఓడినా వర్జీనియాలో గెలిచింది.